ఇంకొకరి శ్రుతిలో పాడినవాడు



రైల్వే పాసుల గురించి, పింఛనుదారుల లైఫ్ సర్టిఫికెట్ గురించి రాసినప్పుడు మీరంతా ఓపికగా చదివారు. ఈసారి రాసేది హెవీ మెటల్ సంగీతం గురించి. "ఈ వయసులో ఆ గోల మీకెందుకు తాతా?" అని ఇంట్లో పిల్లలే నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. ఆ గోలలో మన సంఘానికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. అది చెప్పాలంటే ముందు ఒక బ్యాండు గురించి, ఎక్కువమందికి నచ్చని దాని ఆల్బం గురించి చెప్పాలి.

"మేము" అని రాస్తున్నాం గదా, ఎవరా మేము అంటే ముగ్గురం. ముగ్గురమూ రైల్వేలో చేసి రిటైరైనవాళ్ళం. ఒకరు ఆఫీసు గుమాస్తా, ఒకరు క్యారేజ్ వర్క్స్, ఒకరు పార్సిల్ ఆఫీసు. ముగ్గురి ఇళ్ళలోనూ తెలుగే, బడిలో చదివింది మాత్రం తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నవే. ఈ వ్యాసం రాసే చెయ్యి గుమాస్తాది, మాట ముగ్గురిదీ.

పెరంబూరులో పెరిగినవాళ్ళకి ఇంగ్లీషు పాటలు ఎక్కడివని అడక్కండి. పెరంబూరులో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. డ్రైవర్లు, గార్డులు, ఫోర్మన్లు. క్రిస్మస్ వచ్చిందంటే వీధంతా గిటారు. వాళ్ళ పిల్లలతో కలిసి తిరిగినందుకు మాకూ ఆ పిచ్చి అంటుకుంది. ఇంగ్లీషు మాకు అంతగా రాదు. తర్వాత వచ్చింది కూడా ఆఫీసు ఇంగ్లీషే, మెమో రాయడానికి, ఇండెంట్ పెట్టడానికి సరిపోయేంత. అందువల్ల పాటలో మాట అర్థం కాకముందే గొంతు మాకు అర్థమయ్యేది. కోపమా, దుఃఖమా, గర్వమా అన్నది గొంతులోనే తెలిసిపోయేది.

ఐరన్ మెయిడెన్ అనే బ్యాండు అట్లా మా చెవిన పడింది. 1975లో తూర్పు లండన్‌లో స్టీవ్ హ్యారిస్ అనే బేస్ గిటారు వాయించే కుర్రాడు మొదలుపెట్టాడు. మొదటి ఆల్బం 1980లో వచ్చింది. అప్పుడు పాడినవాడు పాల్ డియానో. 1981లో అతని చోట్లోకి బ్రూస్ డికిన్సన్ వచ్చాడు. ఆ గొంతు తారస్థాయిలో సైరన్ మోగినట్టు మోగుతుంది. అతను పాడిన మొదటి ఆల్బం 1982లో బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఆ తర్వాత పదేళ్ళు ఆ బ్యాండుకు తిరుగులేదు. 1992లో వచ్చిన 'ఫియర్ ఆఫ్ ద డార్క్' కూడా మొదటి స్థానమే.

1993లో డికిన్సన్ సొంత దారి చూసుకుంటానని వెళ్ళిపోయాడు. బ్యాండు ఎంతోమంది పాటలు విని, చివరికి వుల్ఫ్స్‌బేన్ అనే చిన్న బ్యాండులో పాడుతున్న బ్లేజ్ బేలీని తీసుకుంది. బేలీది బరువైన గొంతు. కింద స్థాయిలో నిండుగా ఉంటుంది, పైకి పోతే ఇబ్బంది పడుతుంది. అతనితో చేసిన మొదటి ఆల్బమే 'ది ఎక్స్ ఫ్యాక్టర్'. 1995 అక్టోబరు 2న విడుదలైంది. బ్యాండుకు అది పదో ఆల్బం, రోమన్ అంకెల్లో పది అంటే ఎక్స్ గదా, పేరులో అదీ ఉంది. బ్రిటన్‌లో 8వ స్థానం దగ్గరే ఆగిపోయింది. 1981 తర్వాత వాళ్ళ స్టూడియో ఆల్బం అంత కింద ఆగడం అదే మొదటిసారి. అమెరికాలో పెద్ద మైదానాల్లో వాయించినవాళ్ళు చిన్న హాళ్ళలో వాయించాల్సి వచ్చింది. బేలీ గొంతు ఇబ్బంది వల్ల కొన్ని కచేరీలు రద్దయ్యాయి కూడా.

అప్పటినుంచీ ఈ ఆల్బం మీద ఉన్న తీర్పు ఒకటే: "డికిన్సన్ లేడు, అందుకే బాగాలేదు."

మాకు ఇది 1996లో బర్మా బజారు నుంచి వచ్చిన నకలు క్యాసెట్‌లో దొరికింది. ఆల్బం దాదాపు 71 నిమిషాలు, 60 నిమిషాల టేపులో పట్టదు. 90 నిమిషాల టేపులో ఎక్కించి ఉన్నారు. మాలో ఇద్దరికి మొదటి వారంలోనే పట్టేసింది. మూడోవారికి ఆ శబ్దం నచ్చలేదు, ఈరోజుకీ నచ్చదు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ముగ్గురం దీని మీద వాదించుకుంటూనే ఉన్నాం. రిటైరయ్యాక తీరిక దొరికింది గనుక, మొత్తం ఆల్బం మళ్ళీ వరుసగా విని, లెక్క తేలుద్దామని కూర్చున్నాం. గుమాస్తాలం గదా, రెండు వైపులా రాసుకుంటేగానీ మాకు తృప్తి ఉండదు.

ముందు దీనికి ఎదురు ఉన్న లెక్క.

ఒకటి, శబ్దం పొడిగా ఉంది. 1981 నుంచి 1992 వరకు వాళ్ళ ఆల్బములను తయారుచేసిన మార్టిన్ బర్చ్ అప్పటికే విరమించుకున్నాడు. ఇది హ్యారిస్ తన ఎసెక్స్ ఇంటి ఆవరణలో ఉన్న స్టూడియోలో, నైజెల్ గ్రీన్‌తో కలిసి తానే చేయించాడు. గిటార్లు ముందుకు రావు. డ్రమ్ముల్లో మెరుపు తక్కువ. మాలో మూడోవారి ఫిర్యాదు ఇదే, ఇందులో న్యాయం ఉంది. రెండు, పాటలు చాలా ఒకే మాదిరి మొదలవుతాయి. నెమ్మదిగా గిటారు, నెమ్మదిగా గొంతు, తర్వాత ఒక్కసారిగా పరుగు. ఒక పాటలో బాగుంటుంది, నాలుగు పాటల్లో వరుసగా వస్తే అలసట. మూడు, పల్లవులు అవసరానికి మించి తిప్పితిప్పి పాడతారు. రెండు పాటలు తీసేసి ఉంటే ఆల్బం గట్టిపడేది.

ఇవి నిజమైన లోపాలు. గమనించండి, ఈ మూడింటిలో ఒక్కటి కూడా బేలీ గొంతు లోపం కాదు.

ఇక దీనికి అనుకూలమైన లెక్క.

మొదటి పాట 'సైన్ ఆఫ్ ద క్రాస్' 11 నిమిషాలు దాటుతుంది. చర్చిలో సాధువులు జపం చేస్తున్నట్టు గంభీరమైన గొంతులతో మొదలవుతుంది. మరణశిక్షకు ఎదురుచూస్తున్న మనిషి మనసు అది. బేలీ అక్కడ అరవడు. చీకట్లో పక్కన కూర్చుని చెబుతున్నట్టు మొదలుపెడతాడు. మా ఆఫీసు ఇంగ్లీషుకు కూడా మాట మాట అందింది. అతని గొంతు నేలమీద నడుస్తుంది, మనమూ దాని పక్కనే నడవొచ్చు.

ఈ ఆల్బంలో రాక్షసులూ మాయలూ తక్కువ, మామూలు మనిషి బాధ ఎక్కువ. 'ఫార్చూన్స్ ఆఫ్ వార్' యుద్ధం నుంచి తిరిగొచ్చినా యుద్ధం మనసులోంచి పోని సిపాయి పాట. 'ది ఆఫ్టర్‌మాత్' యుద్ధం ముగిశాక ఎవరికేం మిగిలిందని అడుగుతుంది. 'మ్యాన్ ఆన్ ది ఎడ్జ్' 1993 నాటి 'ఫాలింగ్ డౌన్' సినిమాను బట్టి రాసినది. ఉద్యోగం పోయిన మనిషి ట్రాఫిక్‌లో ఇరుక్కుని, కారు వదిలేసి, ఒక్కొక్క మెట్టే దిగజారే కథ. 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' గోల్డింగ్ నవలను బట్టి. 'ది ఎడ్జ్ ఆఫ్ డార్క్‌నెస్' 'అపోకలిప్స్ నౌ' సినిమాను బట్టి. 'జడ్జ్‌మెంట్ ఆఫ్ హెవెన్'లో ఒక మనిషి బతకాలా వద్దా అన్న దాకా వెళ్ళి ఆగి ఆలోచిస్తాడు. ఆ రోజుల్లో హ్యారిస్ వివాహం చెడి విడాకుల్లో ఉన్నాడు. ఆ మబ్బు ఆల్బం నిండా కమ్ముకుని ఉంది.

'టూ ఏ.ఎమ్.' అనే పాట ఒకటి ఉంది. రాత్రి రెండు గంటలకి, పని ముగించుకుని ఇంటికొచ్చి, ఎవరూ లేని గదిలో ఒక్కడే కూర్చుని "ఇంతేనా బతుకు?" అనుకునే మనిషి. నైట్ డ్యూటీ చేసినవాళ్ళకి ఈ పాట గురించి విడమరిచి చెప్పక్కర్లేదు. పార్సిల్ ఆఫీసులో రాత్రి షిఫ్టు ముగించి, టీ కొట్టు తెరిచేదాకా ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నవాళ్ళం మాలోనే ఉన్నాం. ఆ పాటను సైరన్ లాంటి గొంతు పాడితే మెచ్చుకుంటాం గానీ నమ్మం. బేలీ పాడితే నమ్ముతాం. 11 పాటల్లో 5 పాటల రచనలో బేలీ పేరు ఉంది, ఇది వాటిలో ఒకటి. అంటే ఎవరో రాసిస్తే వచ్చి పాడిపోయినవాడు కాదు.

మరి ఇంత ఉండీ ఎందుకు నచ్చలేదు? ఇక్కడే అసలు సంగతి.

ఆల్బం వచ్చాక ఊరూరా కచేరీలు చెయ్యాలి. జనం పాత పాటలు అడుగుతారు. ఆ పాత పాటలన్నీ డికిన్సన్ గొంతుకు కట్టినవి. మన కర్ణాటక సంగీతంలో అయితే ఏం చేస్తాం? పాడేవారు తమ శ్రుతి చెబుతారు. మగవాళ్ళు చాలామంది ఒకటి దగ్గర, ఆడవాళ్ళు ఐదు, ఐదున్నర దగ్గర పెట్టుకుంటారు. మా తమిళనాట 'కట్టై' అంటారు. తంబురా, వయొలిన్, మృదంగం అన్నీ ఆ శ్రుతికి కలుపుకుంటాయి. అదే కీర్తన, అదే రాగం, అయినా ఎవరి శ్రుతి వాళ్ళది. అరియక్కుడి పాడిన కీర్తనను ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడితే ఆయన శ్రుతిలో పాడమని ఎవరైనా అడిగారా?

మెయిడెన్‌లో అట్లా జరగలేదు. గిటార్లు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి, డికిన్సన్ పాటల శ్రుతి దించలేదు. బేలీయే ఎక్కి అందుకోవాలి. రోజూ రాత్రి తనది కాని ఎత్తుకి గొంతు సాగదీసి పాడితే ఏమవుతుంది? ఒక రోజు అందుతుంది, మరో రోజు తప్పుతుంది, చివరికి గొంతే పాడవుతుంది. జనం ఆ కచేరీలు చూసి, ఆ చూసినదాన్ని ఆల్బం మీద రాసేశారు. ఆల్బంలో అతని గొంతుకే కట్టిన పాటలను తీరిగ్గా విన్నవాళ్ళు తక్కువ.

మన భాషలో చెప్పాలంటే, గూడ్సు ఇంజన్ని తీసుకొచ్చి ఎక్స్‌ప్రెస్ బండికి తగిలించి, "వేగం లేదు" అన్నట్టుంది. డబ్ల్యూఏజీ-7 గంటకు 100 కిలోమీటర్లు దాటి పోదు, డబ్ల్యూఏపీ-4 140 దాకా పోతుంది. అట్లాగని మొదటిది చెత్త ఇంజనా? బరువైన గూడ్సు రేకుని లాగాలంటే దేన్ని తగిలిస్తారో లోకో షెడ్డులో ఎవరినైనా అడగండి. ఏ ఇంజన్ ఏ బండికన్నది చూడాల్సింది ఇంజన్ కాదు, తగిలించేవాళ్ళు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాం. బేలీతో రెండో ఆల్బం 1998లో వచ్చింది, బ్రిటన్‌లో 16వ స్థానం. 1999లో బేలీని పంపించేశారు. డికిన్సన్ తిరిగొచ్చాడు, పాత గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ కూడా వచ్చాడు. 2000లో 'బ్రేవ్ న్యూ వరల్డ్'తో బ్యాండు మళ్ళీ లేచి నిలబడింది. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు మాలో ఇద్దరం బండెక్కి వెళ్ళాం. మన బెంగళూరు సభ్యుల పిల్లలు కూడా ఆ జనంలో ఎక్కడో ఉండే ఉంటారు.

మా వాదనకు సాక్ష్యం బ్యాండు చేతిలోనే ఉంది. 2001 జనవరిలో రియో నగరంలో మహాజనం ముందు పాడిన కచేరీని ఆల్బంగా వేశారు. అందులో డికిన్సన్ పాడిన పాటల్లో 'సైన్ ఆఫ్ ద క్రాస్' ఉంది. బేలీ కాలం నాటి 'ది క్లాన్స్‌మన్' కూడా ఉంది. 2003 పర్యటనలో 'లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్' పాడారు. 2018లో మొదలైన పర్యటనలో మళ్ళీ ఆ రెండు పెద్ద పాటలూ పెట్టారు. జనం ఊగిపోయారు. పాటలు చెడ్డవైతే ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరు తవ్వి తీస్తారు?

"డికిన్సన్ పాడాకే ఆ పాటకు ప్రాణం వచ్చింది" అని మాలో మూడోవారు అంటారు. మిగతా ఇద్దరం ఒప్పుకోం. డికిన్సన్ పాడినప్పుడు ఆ పాట యుద్ధంలో గెలిచే వీరుడి పాటైంది. బేలీ పాడినప్పుడు రేపు పొద్దున చచ్చిపోబోయే మనిషి పాట. రెండూ బాగున్నాయి. కానీ పాటలో ఉన్న మనిషి ఎవరు? రెండోవాడే గదా. రెండూ వరుసగా విని మీరే తేల్చండి.

బేలీ ఆగిపోలేదు. 2000 నుంచి తన సొంత ఆల్బములు వేసుకుంటూ, చిన్న హాళ్ళలో తన శ్రుతిలో తాను పాడుకుంటూ ఉన్నాడు. తన గొంతుకు తగిన పాటల్లో అతన్ని వింటే, ఇతనికా గొంతు లేదన్నది అనిపిస్తుంది.

ఇప్పుడు మన సంఘం సంగతి.

మా శాఖలో ఉగాదికి ప్రార్థన పాడే పెద్దాయన చాలా ఏళ్ళు పాడి, వయసు మీదపడి ఆపేశారు. పోయిన ఉగాదికి ఒక అబ్బాయి ఆయన చోట పాడాడు. శ్రుతి పెట్టె పెద్దాయనకు పెట్టిన చోటే ఉంది. పాట కూడా పెద్దాయనదే. చరణంలో పైకి పోవాల్సిన చోట అబ్బాయి గొంతు చీలింది. అంతే. భోజనాల దగ్గర ఒకటే మాట, "పెద్దాయన లాగా రాలేదు." సాయంత్రానికి ఫోన్లలో కూడా అదే. ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అనలేదు, పెద్దాయన మీద ప్రేమతో అన్నారు. కానీ ఆ అబ్బాయి ఆ తర్వాత రిహార్సల్స్‌కి రావడం మానేశాడు. ఇంట్లో తెలుగులో పాడే పిల్లలు మన శాఖలో ఎంతమంది ఉన్నారో వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అందులో ఒకరు తగ్గితే ఎట్లా?

అబ్బాయి గొంతు బాగాలేక కాదు. ఇంట్లో, వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకున్న పాట కింది శ్రుతిలో పాడుతుంటే మేము విన్నాం. కళ్ళు చెమర్చాయి. ఆ రోజు వేదిక మీద అతనికి పాట మనం ఇచ్చాం, శ్రుతి మనం ఇచ్చాం, చివరికి మార్కులు కూడా మనమే వేశాం.

ఇంకొంచెం ముందుకు పోతే ఇది మనందరి కథే. విజయవాడ నుంచో గుంటూరు నుంచో చుట్టాలు వస్తే మన తెలుగు విని నవ్వుతారు. "ఇదేం తెలుగు, అరవం కలిసిపోయింది" అంటారు. వాళ్ళ యాస పట్టుకుని మాట్లాడబోతే మన నాలుక తడబడుతుంది, ఇంకా నవ్వుతారు. మన అమ్మ నేర్పిన తెలుగులో మనం కథ చెబితే మాత్రం నోరు మూసుకుని వింటారు. మైసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో, యానాంలోనో ఉన్న మన సభ్యులకు ఈ అనుభవం ఉండే ఉంటుంది. తరాలుగా ఇంకొకరి నేలమీద నిలబెట్టుకున్న భాష ఇది. కొంచెం కింది శ్రుతిలో ఉంటే ఉండనివ్వండి.

కాబట్టి శాఖ కార్యవర్గానికి మా ముగ్గురి విన్నపం. వచ్చే ఉగాదికి ఆ అబ్బాయిని మళ్ళీ పిలవండి. పాట అతన్నే ఎంచుకోనివ్వండి. శ్రుతి పెట్టె మీద చెయ్యి అతనిదే ఉండనివ్వండి. పెద్దాయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆయనే మొదట చప్పట్లు కొడతారని మాకు గట్టి నమ్మకం. పిల్లవాణ్ణి ఇంటికెళ్ళి పిలిచే పని మేము ముగ్గురం తీసుకుంటాం.

'ది ఎక్స్ ఫ్యాక్టర్' వినాలనుకునే సభ్యులకు ఒక సలహా. 71 నిమిషాలూ ఒకేసారి వినకండి, తల నొప్పి వస్తుంది, తర్వాత మమ్మల్ని తిడతారు. మొదట 'మ్యాన్ ఆన్ ది ఎడ్జ్' వినండి, నాలుగు నిమిషాల చిన్న పాట, వేగంగా పోతుంది. తర్వాత ఒక రాత్రి ఇల్లంతా పడుకున్నాక 'టూ ఏ.ఎమ్.' వినండి. మూడోది 'సైన్ ఆఫ్ ద క్రాస్', తీరిక ఉన్న ఆదివారం. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇంట్లోవాళ్ళతో తగాదా రాదు. విన్నాక నచ్చకపోతే నచ్చలేదనే రాయండి, మా మూడోవారికి తోడు దొరుకుతుంది. కానీ డికిన్సన్ లాగా లేదని మాత్రం రాయకండి.

వచ్చే నెల వ్యాసం సీనియర్ సిటిజన్లకు రైలు టికెట్ రాయితీ గురించి. అందరూ ఆరోగ్యంగా ఉండండి. నమస్కారం.